సరదా సైటుకి డబ్బు కట్టాలా, ఉచిత హోస్టింగ్ సరిపోతుందా? (ఒక పొడుపు కథల సైటు గోడు)

పిడకలవేట | ఆదివారం రాత్రి 10.20

అందరికీ నమస్కారమండి. ముందు నా గోడు చెప్పుకుని తర్వాత ప్రశ్నలోకి వస్తాను.

పదేళ్లుగా పొడుపు కథలు పోగేస్తున్నాను. ఇప్పటికి 1,412 తేలాయి. మా అమ్మ, పిన్ని, నాట్లకొచ్చే ఆడవాళ్లు, బస్సులో పక్క సీటువాళ్లు, ఎవరు చెబితే వాళ్లవి. అందులో 212 చెప్పినవాళ్ల గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. నాకు కంప్యూటరు చదువు లేదు, కరెంటాఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. 2017లో ఒక ఉచిత హోస్టింగులో, అంటే సైటుకి నెట్‌లో ఊరికే చోటిచ్చేవాళ్ల దగ్గర (పేరెందుకు లెండి), వర్డ్‌ప్రెస్ అనే సైటు నడిపే సాఫ్టువేరు పెట్టి, రాత్రుళ్లు కూచుని ఒక్కొక్కటే కొట్టి ఎక్కించాను.

మొన్న వేసవిలో వాళ్ల దగ్గర్నుంచి మెయిలొచ్చింది. ఉచిత ప్లాను ఎత్తేస్తున్నాం, ముప్ఫై రోజుల్లో మీ సరుకు మీరు పట్టుకుపోండి అని. కథలన్నీ దాచి ఉండే డేటాబేసు దించుకుని తెరిచాను. తెలుగు లేదు! ప్రతి అక్షరం చోటా టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఇంకేదో కొక్కెం. కొన్నిచోట్ల అదీ లేదు, వరసగా ప్రశ్నార్థకాలే. "పొడుపు కథలు కదా, ప్రశ్నలే మిగిలాయి" అని మా ఆవిడ ఒకటే నవ్వు.

ఆ టోపీల గోల మా ఆఫీసు కుర్రాడొకడు సరిచేసి పెట్టాడు. ప్రశ్నార్థకాలైపోయినవి మాత్రం తొంభై దాకా పోయినట్టే. నోటుబుక్కులున్నాయి కాబట్టి మళ్లీ కొట్టుకున్నాను. ఇప్పుడు హ్యూగో అనే సాఫ్టువేరు నేర్చుకుంటున్నాను. మామూలు టెక్స్టు ఫైళ్లిస్తే సైటంతా తయారుచేసి చేతిలో పెడుతుంది, డేటాబేసుతో పనే లేదు. బాగానే ఉంది.

ఇంతకీ ప్రశ్న. ఇలాంటి సరదా సైటుని మళ్లీ ఉచిత హోస్టింగులోనే పెట్టుకోవచ్చా, ఈసారైనా డబ్బు కట్టి పెట్టాలా? ఈ సైటు వల్ల నాకు పైసా రాబడి లేదు, వస్తుందన్న ఆశా లేదు.

---

సర్వర్_సుబ్బయ్య | ఆదివారం రాత్రి 11.05

కట్టాలి. ఇందులో చర్చించడానికేముంది?

ముందు మీకు జరిగిందేమిటో చెబుతాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసుకునే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు. పాత మైఎస్‌క్యూఎల్ (మీ డేటాబేసుని నడిపే సాఫ్టువేరు) ఏమీ చెప్పకపోతే లాటిన్-1 అనే పడమటి దేశాల పట్టికని పట్టుకుంటుంది. అందులో ఒక్కో బైటూ ఒక్కో అక్షరమే. అందుకే మీ 'క' మూడు ముక్కలై టోపీ ఏ, డిగ్రీ, నల్లచుక్కగా కనిపించింది. బైట్లు చెడలేదు, చదివినవాడు తప్పు చదివాడు, అంతే. కాబట్టి వెనక్కి తిప్పొచ్చు. ప్రశ్నార్థకం అలా కాదు. 'ఈ అక్షరం నా పట్టికలో లేదు' అని దాన్ని చెరిపేసి ప్రశ్నార్థకం రాసిపెట్టేసింది. అది బ్రహ్మదేవుడొచ్చినా తిరిగిరాదు. 2018లో వచ్చిన 8.0 నుంచే మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 దానంతటదే పెట్టి ఉంటోంది. ఉచిత హోస్టింగులవాళ్లేమో పాతదాన్నే ఏళ్ల తరబడి ఈడ్చారు.

ఊరకరారు మహానుభావులు. ఉత్తపుణ్యానికి చోటిచ్చేవాడు ఏదో ఒకరోజు లెక్క చూసుకుంటాడు. ప్రోగ్రాములకి ఉచితంగా చోటిచ్చిన హెరోకూ చూడండి, ప్రపంచంలో సగం మంది కుర్రాళ్లు అక్కడే ప్రోగ్రాములు నేర్చుకున్నారు. 2022 నవంబరు 28న ఉచిత ప్లాన్లు మూసేసింది. ఫ్రీనమ్ వాళ్లు టీకే, ఎంఎల్ అని ఉచితంగా డొమైన్లు, అంటే సైటు చిరునామాలు పంచిపెట్టారు. 2023లో కొత్తవి ఇవ్వడం ఆపారు, మరుసటేడు ఆ వ్యాపారమే వదిలేస్తున్నామన్నారు. దాన్నే నమ్ముకుని విజిటింగు కార్డులు అచ్చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు.

---

పాలమూరోడు | ఆదివారం రాత్రి 11.40

సుబ్బన్నా, నువ్వు ఎప్పుడు జూసినా పైసలు కట్టుమనే అంటవ్. అన్న సైటుకి ఎంత జాగ కావాల్నో లెక్క జేసినవా?

నేను జేస్త. ఒక్కో పొడుపు కథ, జవాబు, ఎవరు జెప్పిన్రు, ఏ ఊరు, అన్ని గల్పి రెండొందల అక్షరాలనుకో. మూడు బైట్ల లెక్కన ఆరొందల బైట్లు. 1,412 కథలకు ఎనిమిదిన్నర లక్షల బైట్లు. ఒక మెగాబైటు గూడ లేదు! మన చిన్నప్పటి ఫ్లాపీ యాదికున్నదా, 1.44 ఎంబీ? అన్న పదేండ్ల కష్టం దాంట్ల పడ్తది, ఇంక జాగ మిగుల్తది. ఆడియో 212, ఒక్కోటి నిమిషం అనుకుంటే 64 కేబీపీఎస్‌ల వంద ఎంబీ. గంతే.

గిట్‌హబ్ పేజెస్ అని ఉచితంగ సైట్లు పెట్టుకునే జాగ ఉన్నది, దాంట్ల ఒక జీబీ దాక సైటు పెట్టుకోవచ్చు, నెలకు వంద జీబీ దాక పోనిస్తరు. అన్న సైటు రోజూ వాట్సాపుల తిరిగినా అంత కాదు. గింత దానికి నెలనెలా కిరాయి కట్టుడెందుకు? చాయ్ తాగనీకి హోటలే కొన్నట్టుంటది.

---

సర్వర్_సుబ్బయ్య | ఆదివారం రాత్రి 11.52

తమ్ముడూ, చోటు ఎంతని కాదు, ఎవరిదీ అని. గిట్‌హబ్‌ని 2018లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. హెరోకూని సేల్స్‌ఫోర్స్ కొన్నదీ ఉచితం పోయిందీ ఒకే రోజు కాదు, మధ్యలో పన్నెండేళ్లున్నాయి. అద్దె కొంపలో మామిడిమొక్క నాటమంటున్నావు నువ్వు.

---

పాలమూరోడు | ఆదివారం రాత్రి 11.58

నువ్వు పైసలిచ్చేది గూడ కిరాయి కొంపకే గదనే!

---

ఊరికే_అన్నా | సోమవారం ఉదయం 7.15

బ్లాగ్‌స్పాట్‌లో పడేస్తే పోయేదానికి ఎందుకండీ ఈ గోలంతా. 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది, ఇప్పటికీ కదలకుండా మెదలకుండా పడుంది.

---

పిడకలవేట | సోమవారం ఉదయం 9.10

బ్లాగ్‌స్పాట్ నేనూ చూశానండి. ఆడియో ఎక్కించడానికి చోటు లేదు, ఇంకెక్కడో పెట్టి ఇక్కడ అతికించుకోవాలి. మా నాగాయమ్మమ్మ "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను" అని గుక్కతిప్పకుండా చెప్పి, జవాబు చెప్పకుండా మూతి తిప్పుకుంటుంది చూడండి, ఆ గొంతు లేకపోతే ఆ పిడక వట్టి పిడకే.

---

హెచ్‌టీఎంఎల్_తాత | సోమవారం మధ్యాహ్నం 2.30

నాకు అరవై దాటాయి, ఈ తగువు పాతికేళ్లుగా వింటున్నాను. మీరంతా పుట్టీపుట్టకముందు జియోసిటీస్ అని, ఎవరైనా ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే చోటు ఉండేది. 1994లో మొదలైంది, 1999లో యాహూ కొంది, 2009 అక్టోబరు 26న మూసేశారు. లక్షల మంది చేత్తో రాసుకున్న పేజీలు. ఆర్కైవ్ టీమ్ అని కొందరు పుణ్యాత్ములు రాత్రీపగలూ కూచుని దించుకోబట్టి కొంతైనా మిగిలింది.

నాది అక్కడ కాదు, అలాంటిదే ఇంకోచోట. అప్పట్లో యూనికోడ్ వాడకం లేదు. పేజీ పైన 'ముందు ఫలానా ఫాంటు దించుకోండి' అని పెద్దక్షరాల నోటీసు. దించుకున్నవాడికి తెలుగు, దించుకోనివాడికి పిచ్చి గీతలు. పేజీకి పైనా కిందా వాళ్ల ప్రకటనలు. నా అన్నమయ్య పదాల పేజీ మీద అమెరికాలో బరువు తగ్గించే మాత్రల బొమ్మ ఊగుతుండేది. అదో వైభోగం.

ఇప్పుడు అసలు మాట. ఆ సైటు 2006లో చెప్పాపెట్టకుండా పోయింది. మెయిలు కూడా లేదు. నేను కోల్పోయింది ఏమీ లేదు, ఎందుకంటే అప్పట్లో మాకు ఇంకో దారి లేదు. ఇంట్లో కంప్యూటరులో రాసి, ఎఫ్‌టీపీతో పైకి పంపేవాళ్లం. అసలు ఇంట్లో, నకలు వాళ్ల దగ్గర. వర్డ్‌ప్రెస్ రోజులొచ్చాక ఇది తలకిందులైంది. అసలు వాళ్ల దగ్గర, మన దగ్గర ఏమీ లేదు. పిడకలవేట గారికి పొయ్యింది అక్కడే. డబ్బు కట్టి అదే వర్డ్‌ప్రెస్ పెట్టుకుని, ఇంట్లో కాపీ లేకపోయినా ఇంతే సంగతి.

హ్యూగో అంటే మళ్లీ మా పాత పద్ధతే, కొత్త చొక్కా వేసుకొచ్చింది.

---

సర్వర్_సుబ్బయ్య | సోమవారం సాయంత్రం 6.45

తాతగారి మాట కాదనను. కానీ ఉచితం అంటే ఊరికే అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో నెట్‌లిఫై అనే హోస్టింగులో ఉచిత ప్లానులో ఉన్న ఓ చిన్న స్టాటిక్ సైటుకి (డేటాబేసు లేని, వట్టి ఫైళ్ల సైటు) లక్షా నాలుగు వేల డాలర్ల బిల్లొచ్చింది. ఎవడో పనిగట్టుకుని అందులో ఉన్న ఒక పాట ఫైలుని లెక్కలేనన్నిసార్లు దించాడు. గొడవ బయటపడ్డాక కంపెనీ రద్దు చేసిందనుకోండి. ఆ బిల్లు చూసిన క్షణంలో ఆ మనిషి గుండె ఏమై ఉంటుంది? పిడకలవేట గారి దగ్గరా ఆడియో ఫైళ్లున్నాయి.

---

పాలమూరోడు | సోమవారం సాయంత్రం 7.02

అందుకే కార్డు నంబరు అడిగే ఉచితం దిక్కు పోవద్దు. కార్డే లేనప్పుడు బిల్లు ఎవరికి పంపుతరు? శానా ఎక్కువైతే సైటు ఆపుతరు, రెండు రోజులు పండుకుంటది, మళ్ల లేస్తది. పొడుపు కథలకు అర్జెంటేముంది.

ఇంకోటి అన్నా, నువ్వు పైసలు కట్టే హోస్టింగుల గూడ తక్కువ కతలు లేవు. నేనొకటి కొన్న. మొదటి ఏడు నెలకు అరవై తొమ్మిది రూపాలు, రెండో ఏడు రెన్యువల్ కాడికొస్తే మూడింతలు. అన్‌లిమిటెడ్ అన్నరు, లోపల సన్నక్షరాలల్ల ఫైళ్లు ఇన్నే ఉండాలె అని రాసిన్రు. ఫైళ్లెక్కువైనయని ఒకరోజు బ్యాకప్పే బంద్ జేసిన్రు!

---

అమ్మాజీ_ఆస్టిన్ | మంగళవారం ఉదయం 8.30

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాయాలనిపించింది.

మా నాన్నగారు రిటైరయ్యాక ప్రకాశం జిల్లాలో మా చుట్టుపక్కల చెరువుల మీద ఓ సైటు నడిపారు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, తూము ఎటు, కలుజు ఎటు, ఏ ఏడు తెగింది, ఫోటోలతో సహా. సుబ్బయ్యగారిలాగే ఆయనకీ పట్టుదల. 'ఊరికే వచ్చింది నిలవదమ్మా' అని సొంత డొమైను కొని తొమ్మిదేళ్లు ఠంచనుగా డబ్బు కట్టారు. 2021 మేలో ఆయన పోయారు. అప్పుడు ఎవరికీ సైటు సంగతి గుర్తులేదు. రెన్యువల్ మెయిళ్లు ఆయన ఇన్‌బాక్సుకే వెళ్లాయి. కార్డు బ్యాంకువాళ్లు ఆపేశారు.

నాకు గుర్తొచ్చేసరికి ఏడు నెలలు. డాట్‌కామ్ పేరుకి గడువు దాటాక రిజిస్ట్రారుని (ఆ పేరు అమ్మిన కంపెనీని) బట్టి 45 రోజుల దాకా వ్యవధి ఉంటుంది, తర్వాత ఇంకో 30 రోజులు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు, ఆపైన ఐదు రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ చిరునామా కొడితే రమ్మీ ఆట వస్తుంది.

ఆయన సైటు పెట్టకముందు ఓ ఉచిత బ్లాగు రాసేవారు. 'ఇది ఇక రాయను, కొత్త ఇంటికి మారుతున్నాను' అని చివరి టపా. అది అలాగే ఉంది. మా పిల్లలకి తాతయ్య రాతలు అందులోవే చూపిస్తాను. మిగతా చెరువుల్లో సగం, పాత వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి, ఫోటోలు దొరకలేదు.

ఏది మంచిదో నాకు తెలీదు. పిడకలవేట గారూ, మీ ఇంట్లో ఇంకెవరికైనా మీ పాస్‌వర్డు తెలుసా?

---

సర్వర్_సుబ్బయ్య | మంగళవారం ఉదయం 10.15

అమ్మాజీగారూ, చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. ఆ రమ్మీవాడి సంగతి అటుంచండి, మీ నాన్నగారి హోస్టింగు కంపెనీకి మెయిలు రాశారా? కొందరు పాత బ్యాకప్పులు కొన్నాళ్లు ఉంచుతారు.

---

అమ్మాజీ_ఆస్టిన్ | మంగళవారం ఉదయం 10.40

రాశానండి. ఖాతాదారు స్వయంగా అడగాలన్నారు.

---

హెచ్‌టీఎంఎల్_తాత | మంగళవారం సాయంత్రం 5.00

ఉచిత ఖాతాలకీ ఆ గండం ఉంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాల్ని తీసేసే పద్ధతి గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. మీ నాన్నగారి ఖాతాలోకి వెళ్లే దారి మీ దగ్గరుంటే అప్పుడప్పుడూ తెరిచి ఉంచండమ్మా. లేకపోతే ఆ బ్లాగు పేజీలన్నీ ఇవాళే దించి దాచుకోండి.

గిట్‌హబ్‌కీ ఇప్పుడు పాస్‌వర్డు ఒక్కటి చాలదు, ఫోనులో వచ్చే అంకెలు కూడా అడుగుతుంది. ఫోను పోతే గుమ్మం బయటే. రికవరీ కోడ్లని ఓ పదహారు ఇస్తారు, కాగితం మీద అచ్చేసుకోవాలి. నేను నా ఎల్ఐసీ బాండ్ల కవర్లో పెట్టాను. నేను పోతే మావాళ్లు తప్పకుండా తెరిచే కవరు అదొక్కటే.

---

పిడకలవేట | గురువారం రాత్రి 9.50

మూడు రోజులు రాయలేదు, పని మీదున్నాను. ఏం చేశానో చెబుతాను, తిట్టేవాళ్లు తిట్టండి.

హోస్టింగుకి డబ్బు కట్టలేదు. గిట్‌హబ్‌లో పెట్టాను. డొమైను మాత్రం కొన్నాను, మూడేళ్లకి ఒకేసారి కట్టేశాను. సుబ్బయ్యగారికి సగం, పాలమూరు తమ్ముడికి సగం. రేపు గిట్‌హబ్ వాడు పొమ్మంటే అదే చిరునామాతో ఇంకోచోటికి పోతాను, చదివేవాళ్లకి తెలియను కూడా తెలియదు. రిజిస్ట్రారు దగ్గర మా అమ్మాయి మెయిలు కూడా ఇచ్చాను. రికవరీ కోడ్లు ఎల్ఐసీ కవర్లోకి వెళ్లాయి. మా ఆవిడ 'ఇదేం పాలసీ' అనడిగింది.

ఇక సాఫ్టువేరు గోల. మొదటిరోజు, డొమైను ఇంకా కలపకముందు, సైటు పైకెక్కింది కానీ బట్టల్లేకుండా ఎక్కింది. అక్షరాలున్నాయి, రంగుల్లేవు, వరసల్లేవు, అన్నీ ఎడమపక్కకి జారి పడున్నాయి. నా ల్యాప్‌టాపులో చూస్తే నిగనిగలాడుతోంది. రెండు గంటలు తల బాదుకున్నాక తేలిందేమిటంటే, సెట్టింగుల్లో సైటు చిరునామా చివర ఆ రిపాజిటరీ (గిట్‌హబ్‌లో నా ఫైళ్లుండే సంచి) పేరు కూడా రాయాలట. రాయకపోతే రంగుల ఫైలు కోసం పక్కింటి తలుపు కొడుతుంది.

రెండోది వెతుకులాట. లనర్ అని ఓ వెతికే పరికరం అతికించాను. ఇంగ్లీషు మాటలకి టకటకా దొరుకుతున్నాయి, 'బొగ్గు' అని కొడితే శూన్యం. అది మాటకి ముందూ వెనకా ఉన్న చెత్త కోసేస్తుందట. చెత్త అంటే దాని దృష్టిలో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కానివన్నీ. మన బొగ్గు మొత్తం చెత్త కిందే లెక్క! ఆ కోసే ముక్క తీసి పక్కన పెడితే దొరికింది.

మూడోది ఇంకా తేలలేదు. ఫైళ్లకి తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాను. 'కవ్వం' పేజీ లింకు వాట్సాపులో అంటిస్తే శాతం గుర్తులతో రైలుబండంత వస్తోంది. మా బావమరిది వైరసనుకుని నొక్కలేదు.

---

సర్వర్_సుబ్బయ్య | గురువారం రాత్రి 10.20

డొమైను కొన్నారు కదా, నేను గెలిచినట్టే. :)

లింకు సంగతి: వెబ్ చిరునామాలో తెలుగు బైట్లు నేరుగా పోవు. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కో తెలుగు అక్షరానికి తొమ్మిది. 'కవ్వం'లో క, వ, పొల్లు, వ, సున్నా, ఐదు లెక్క. ఐదు తొమ్మిదులు నలభై ఐదు. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి, పని అయిపోతుంది. పేజీ లోపల శీర్షిక తెలుగులోనే ఉంటుంది.

---

పాలమూరోడు | గురువారం రాత్రి 10.31

హోస్టింగుకు పైసలు కట్టలే గద, గెల్చింది నేను.

---

ఊరికే_అన్నా | శుక్రవారం ఉదయం 6.50

డొమైనుకి మూడేళ్లకి మూడు వేల పైచిలుకు. అదేదో పొడుపు కథల పుస్తకం అచ్చేయించుకోవచ్చుగా.

---

హెచ్‌టీఎంఎల్_తాత | శుక్రవారం ఉదయం 11.00

మూడు వేలకి పుస్తకం కాదు కదా, పెళ్లి శుభలేఖలు కూడా రావు నాయనా. దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టడం చూశాను కానీ, పరాయివాడు కొనుక్కున్న ఆవుకి పళ్లు లెక్కపెట్టడం ఇదే చూడ్డం.

---

పిడకలవేట | శనివారం రాత్రి 11.15

సుబ్బయ్యగారు చెప్పినట్టే మొత్తం 1,412 ఫైళ్ల పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేశాను. చిన్న స్క్రిప్టు, పాలమూరు తమ్ముడు రాసిచ్చాడు, చల్లగా ఉండాలి. లింకులు ఇప్పుడు ముచ్చటగా, పొట్టిగా ఉన్నాయి. మా బావమరిది కూడా నొక్కాడు. మా కుటుంబం గ్రూపులో మొదటిది పంపాను: "అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చి తైతక్కలాడింది. ఏంటది? ఆలోచించి, తర్వాతే లింకు నొక్కండి" అని.

అర నిమిషంలో పదకొండు మంది కరెక్టు జవాబు చెప్పారండి! మా తోడల్లుడి కొడుకు, వాడు పుట్టి బుద్ధెరిగాక చల్ల చిలకడం చూసినవాడు కాదు, వాడు కూడా చెప్పాడు. తెలుగు ఇంకా బతికే ఉందనిపించింది.

---

పాలమూరోడు | శనివారం రాత్రి 11.22

అన్నా, జర నువ్వు పంపిన లింకు ఒక్కపారి సదువు. కొసకు ఏం రాసుంది?

---

పిడకలవేట | శనివారం రాత్రి 11.24

అయ్యో రామ. ఫైలు పేరు జవాబే కదూ.

---

సర్వర్_సుబ్బయ్య | శనివారం రాత్రి 11.26

శాతం గుర్తులున్నప్పుడే నయం. అదే పొడుపు కథలా ఉండేది.

---

పాలమూరోడు | శనివారం రాత్రి 11.30

అన్నిటికీ నంబర్లు పెడ్దాం అన్నా. స్క్రిప్టు మారుస్తున్న, ఓ పావుగంట ఆగు. అప్పటిదాంక గ్రూపుల రెండోది పంపకు.

---

పిడకలవేట | శనివారం రాత్రి 11.31

పంపేశాను తమ్ముడూ.